గేట్ల తాళం ఎవరి దగ్గర? సూరత్ మంచినీటి చరిత్ర

రాజకీయాలను గమనించేవారికి సూరత్ పేరు మూడు సందర్భాలను గుర్తు చేస్తుంది. 1907 డిసెంబరులో నాగపూర్ నుంచి అక్కడికి మార్చిన కాంగ్రెస్ మహాసభలో అతివాదులు, మితవాదులు కుర్చీలు విసురుకున్నారు. గాలిలో లేచిన ఒక చెప్పు సురేంద్రనాథ్ బెనర్జీకి, ఫిరోజ్‌షా మెహతాకు తగిలింది. 2023 మార్చిలో అక్కడి న్యాయస్థానమే రాహుల్ గాంధీకి రెండేళ్ల శిక్ష విధించింది. 2024 ఏప్రిల్‌లో ఒక అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురై, మిగిలినవారంతా తప్పుకోవడంతో, ఓటరు పోలింగు కేంద్రానికి వెళ్లే అవసరం లేకుండానే ఆ నియోజకవర్గానికి లోక్‌సభ సభ్యుడు వచ్చేశాడు. ఈ మూడింటిలోనూ సూరత్ ఒక వేదిక మాత్రమే. నాటకం వేరేవారిది.

సూరత్ తనకోసం తాను నడుపుకొన్న రాజకీయం వేరే ఉంది. అది నీటి చుట్టూ, నీటికి డబ్బు ఎవరు కట్టాలన్న తగవు చుట్టూ, ఎగువనున్న గేట్లు ఎవరు ఎత్తాలన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. 2024 అక్టోబరులో అయిదో జాతీయ జల పురస్కారాల్లో ఉత్తమ పట్టణ స్థానిక సంస్థగా సూరత్ మొదటి స్థానంలో నిలిచినప్పుడు మన పత్రికల్లో నాలుగు వాక్యాల వార్త వచ్చింది. పురస్కారం వార్తలో చరిత్ర ఇమడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

తాపీ నది మధ్యప్రదేశ్‌లోని బైతూల్ జిల్లా ముల్తాయి దగ్గర పుట్టి, 724 కిలోమీటర్లు పడమరకు పారి, సూరత్ దాటగానే అరేబియా సముద్రంలో కలుస్తుంది. సముద్రం ఊరికి ఎంత దగ్గరంటే, పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు నదిలోకి ఎగదన్ని నగరం నడిబొడ్డు వరకూ వచ్చేది. మొగలుల కాలంలో సూరత్‌ను పశ్చిమ తీరపు మహానౌకాశ్రయంగా నిలబెట్టింది ఈ ఆటుపోటులే. వాటి మీదే సరుకు పడవలు ఊరి కోట దాకా వచ్చేవి. అదే పోటు ఊరి మంచినీటిని చెడగొట్టేది. నది ఒడ్డునే ఉంటూ నది నీళ్లను నమ్ముకోలేని ఊరది. కృష్ణ ఒడ్డున బెజవాడవారికో, గోదావరి ఒడ్డున రాజమండ్రివారికో ఈ ఇబ్బంది అర్థం కావడం కష్టం. మచిలీపట్నం వారికైతే చెప్పనక్కర్లేదు.

అందుకే పాత సూరత్ నదిని వ్యాపారానికి వదిలి, తాగునీటికి వాన మీద ఆధారపడింది. పదహారో శతాబ్దం తొలినాళ్లలో ఈ ఊరి వర్తక ప్రముఖుడూ పాలకుడూ అయిన మలిక్ గోపి తవ్వించిన గోపీ తలావ్ ఆ ఏర్పాటులో పెద్దది. 1623లో వచ్చిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లె రాతిమెట్లతో, అనేక కోణాలతో ఉన్న ఈ చెరువును తన లేఖల్లో వర్ణించాడు. ఒక సంపన్నుడు సొంత ఖర్చుతో ఊరందరికీ నీరు నిలపడం మనకు కొత్త సంగతి కాదు. కాకతీయుల కాలపు చెరువు శాసనాలన్నీ ఇదే కథ చెబుతాయి. చెరువుతో పాటు గుజరాత్ పాత నగరాల ఇళ్లలో ‘టాంకా’ ఉండేది. ఇంటి కప్పు మీద పడిన వాననీటిని గొట్టాల ద్వారా నేలకింది సున్నపు తొట్టిలోకి దించి, ఏడాది పొడుగునా వాడుకొనే పద్ధతి అది. ఇది కలిగినవారి ఇళ్లలో ఉండేది, లేనివారికి వీధి బావే గతి. ఆ తేడాను గుర్తుంచుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దంలో కుళాయి గురించి తలెత్తిన గొడవ దీనితోనే అర్థమవుతుంది.

సూరత్‌కు పురపాలక సంఘం 1852లో ఏర్పడింది. దేశంలో తొలి తరం మున్సిపాలిటీల్లో అదొకటి. అయితే అప్పటికే ఆ ఊరికి పన్నుల మీద తిరగబడే ఊరన్న పేరు స్థిరపడింది. 1844లో ఉప్పు మీద సుంకం ఎనిమిదణాల నుంచి రూపాయికి పెంచితే జనం వీధుల్లోకి వచ్చారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1848లో బెంగాల్ కొలతలు, తూనికలు ప్రవేశపెట్టబోతే దుకాణాలు మూసి బహిష్కరించారు, మళ్లీ ప్రభుత్వమే తగ్గింది. 1860లో ఆదాయపు పన్ను మీద, 1878లో లైసెన్సు పన్ను మీద ఆందోళనలు జరిగాయి. చివరిది అల్లర్ల దాకా పోయింది. గాంధీజీ ఉప్పు తీయడానికి దండి వెళ్లింది ఈ జిల్లా మీదుగానే. అంతకు ఎనభై ఆరేళ్ల ముందే ఉప్పు పన్ను మీద ఆ జిల్లా కేంద్రం కదిలిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు.

ఇలాంటి ఊళ్లో గొట్టపు నీటి పథకం పెట్టాలంటే ఏం జరుగుతుందో ఊహించవచ్చు. గొట్టాలకు అప్పు కావాలి, అప్పు తీర్చడానికి పన్ను కావాలి. 1860ల చివర కలెక్టరుగా ఉన్న థియోడర్ హోప్ మున్సిపాలిటీని గట్టిగా నడిపించి రోడ్లు, కాల్వలు, పరిశుభ్రత పనులు చేయించాడు. 1877లో తాపీ మీద ప్రారంభమైన వంతెనకు ఆయన పేరే పెట్టారు. ఆంగ్లేయ అధికారి దృష్టిలో ఇవి నాగరికతకు గుర్తులు. ఊరి షావుకార్ల దృష్టిలో అవి తాము అడగని ఖర్చులు. ఇంట్లో టాంకా, పెరట్లో బావి ఉన్నవాడు వీధిలో కుళాయి కోసం ఇంటిపన్ను ఎందుకు కట్టాలని అడిగాడు. ఆ కాలపు బొంబాయి ప్రెసిడెన్సీ మున్సిపాలిటీలకు ఆక్ట్రాయి, అంటే ఊళ్లోకి వచ్చే సరుకు మీద సుంకమే ప్రధాన ఆదాయం. ఇంటిపన్ను ఇల్లున్నవాడి మీద పడుతుంది. ఆక్ట్రాయి ధాన్యం, నెయ్యి, వంటచెరకు కొనుక్కొనే ప్రతివాడి మీదా పడుతుంది. మున్సిపల్ సభలో కూర్చున్నవారు ఇల్లున్నవారు. ఏ పన్ను వారికి నచ్చిందో వేరే చెప్పాలా?

గుజరాత్‌లోనే అహమ్మదాబాద్‌లో ఈ తగవు మరింత బహిరంగంగా జరిగింది. మొదటి బట్టల మిల్లు పెట్టిన రణఛోడ్‌లాల్ ఛోటాలాల్ మున్సిపల్ అధ్యక్షుడిగా, ఊరి పెద్దల వ్యతిరేకతను ఎదిరించి, సాబర్మతి నీటిని 1891లో గొట్టాల్లో ఇప్పించాడు. సూరత్‌కు అలాంటి ఒక్క మనిషి దొరకలేదు. అయినా అదే దశకంలో, నగరానికి ఎగువన వరాఛా దగ్గర తాపీ నీటిని తోడి పంపే కేంద్రం వచ్చింది. ఊరికి ఎగువన తోడడంలోనే అసలు తెలివి ఉంది. పోటు తగ్గాక అక్కడ మంచినీరు దొరుకుతుంది, నది ఇసుకే వడపోతగా పనిచేస్తుంది. అప్పటి సూరత్ ఒక చిన్న నగరం. 1901 జనగణనలో దాని జనాభా 1,19,306. నేటి మన మధ్యరకం జిల్లా కేంద్రం కంటే తక్కువ. ఓడల వ్యాపారం బొంబాయికి తరలిపోయి, వైభవం జ్ఞాపకంగా మిగిలిన ఊరు. దానికి తగినంత పథకం అది, ఆ లెక్కకు అది సరిపోయింది కూడా.

ఇక్కడొక మాట. వలస పాలకుల కాలపు నీటి పథకాలను తలచుకొని, వారు వందేళ్లు ముందుచూపుతో కట్టారని మురిసిపోయే అలవాటు మన మధ్యతరగతికి ఉంది. నాకా మురిపెం లేదు. వరాఛా పథకం అప్పటికి ఎదగడం మానేసిన ఊరికి కట్టినది. దాని అదృష్టమల్లా తరవాతి అర్ధశతాబ్దం ఊరు పెద్దగా పెరగకపోవడమే.

ఆ మున్సిపాలిటీకి కూడా స్వతంత్రం అంతంత మాత్రమే. సహాయ నిరాకరణ రోజుల్లో పాఠశాలలను ప్రభుత్వ అజమాయిషీ నుంచి తప్పించి జాతీయ పాఠశాలలుగా నడుపుతామని అహమ్మదాబాద్, నడియాద్‌లతో పాటు సూరత్ మున్సిపాలిటీ తీర్మానించింది. 1922లో ప్రభుత్వం ఎన్నికైన సభలను పక్కకు తోసి పాలనను తన చేతిలోకి తీసుకుంది. ఊరి వ్యవహారాల్లో చివరిమాట ఎవరిదో ఆనాడే తేలింది. స్వాతంత్ర్యం వచ్చాక తేలికైన రూపంలో అదే కొనసాగింది. నీటి విషయంలో అది మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

1950ల తొలినాళ్లలో తాపీ మీద కాక్రాపార్ ఆనకట్ట, 1972 నాటికి దానికి ఎగువన ఉకాయ్ జలాశయం వచ్చాయి. సూరత్‌కు సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉకాయ్ గుజరాత్‌లో సర్దార్ సరోవర్ తరవాత పెద్ద జలాశయం. సేద్యపు నీరు, 300 మెగావాట్ల జలవిద్యుత్తు, కొంతమేర వరద నియంత్రణ దాని లక్ష్యాలు. దాని కింద గుజరాత్, మహారాష్ట్రల్లో సుమారు 170 గ్రామాలు మునిగాయి. మునిగినవారిలో అధికులు ఆదివాసీలు. కాలువల కింద చెరకు పెరిగింది. బార్డోలీ పరిసరాల్లో సహకార చక్కెర కర్మాగారాలు లేచాయి. అవి రైతు సంఘాల రాజకీయ బలానికి కోటలయ్యాయి. ముంపు పల్లెలనుంచీ ఖాందేశ్ కొండలనుంచీ వచ్చిన కూలీలు ఆ చెరకు నరికారు. ఈ చక్రాన్ని డచ్చి సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ దశాబ్దాల పాటు పల్లె పల్లె తిరిగి నమోదు చేశాడు. సూరత్ కుళాయి నీటి ధర గురించి మాట్లాడేవారు ఆ పుస్తకాలు చదివి మాట్లాడితే మంచిది. ఆ ధరలో మొదటి వాయిదా కట్టింది నగరవాసి కాదు.

ఉకాయ్‌తో సూరత్‌కు జరిగినది రెండు రకాలు. వేసవిలోనూ నదిలో నీరుంటుందన్న భరోసా వచ్చింది. అదే సమయంలో నదిలో ఎప్పుడు ఎంత నీరు పారాలో నిర్ణయించే అధికారం ఊరి చేతినుంచి, నిజానికి ప్రకృతి చేతినుంచి, రాష్ట్ర జలవనరుల శాఖ చేతికి వెళ్లింది. గేట్ల తాళం ఉకాయ్‌లో ఉంది. ఆ తాళం కోసం చెరకు రైతు, విద్యుత్ శాఖ, హజీరా తీరంలో వెలసిన ఎరువుల, ఉక్కు, పెట్రోరసాయన కర్మాగారాలు, కాక్రాపార్ అణువిద్యుత్ కేంద్రం, అందరూ వరుసలో నిలబడ్డారు. ఎగువ నుంచి వచ్చే నీరు తగ్గినకొద్దీ దిగువ నుంచి ఉప్పు మరింత లోపలికి చొచ్చుకొచ్చింది. వరాఛా బావుల వరకూ ఆ ప్రమాదం వచ్చింది.

ఇదే కాలంలో ఊరు తన పాత కొలతలన్నీ దాటిపోయింది. వజ్రాల సాన, మరమగ్గాలు, కృత్రిమ పట్టు చీరలు దేశం నలుమూలల నుంచీ మనుషులను పిలిచాయి. 1991లో సుమారు 15 లక్షలు, 2001లో 24 లక్షలు, 2011లో 44 లక్షలకు పైగా. ఒడిశా గంజాం జిల్లా వారు, ఖాందేశీలు, ఉత్తరప్రదేశ్ వారు, వారితో పాటు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వెళ్లిన మన పద్మశాలీలు. ఊళ్లో చేనేత చచ్చిపోయాక మగ్గం పని తెలిసిన చేతులు మరమగ్గం వెతుక్కుంటూ వెళ్లాయి. లింబాయత్, ఉధ్నా వైపు వీధుల్లో బతుకమ్మ ఆడతారు. సూరత్ మున్సిపల్ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం ఉంది. తెలంగాణలో ఎన్నికలు వచ్చినప్పుడల్లా నాయకులకు ఈ వీధులు గుర్తొస్తాయి. ఈ వలస వాడలే నీటిగొట్టాలకు చివరన, మురుగు వాగులకు మొదట ఉన్నాయి. మీఠీ ఖాడీ అనే వాగు పొంగితే ముందు మునిగేది లింబాయత్. పేరుకేమో తియ్యటి వాగు.

1994 ఈ పరిస్థితినంతా బట్టబయలు చేసింది. ఆ సెప్టెంబరులో తాపీ వరద పల్లపు వాడలను ముంచి, బురదనూ చెత్తనూ చచ్చిన పశువులనూ మిగిల్చి వెళ్లింది. కొన్ని రోజులకే వేడ్ రోడ్ ప్రాంతంలో న్యుమోనిక్ ప్లేగు అన్న వార్త వచ్చింది. సూరత్‌లో యాభై మందికి పైగా మరణించారు. కానీ భయం చేసిన పని అంతకు వందల రెట్లు. లక్షల మంది రైళ్లకు వేలాడుతూ ఊరు వదిలారు. విదేశాలు విమానాలు ఆపాయి. వైద్యులు కూడా పారిపోయిన వాళ్లలో ఉన్నారు. ప్లేగు నీటితో వచ్చే జబ్బు కాదు. అయినా అది నీటి పాలన లోపంతోనే మొదలైంది. పెద్ద జలాశయం కింద ఉన్న ఊరు వరద నీటిని బయటికి పంపడానికీ, చెత్త ఎత్తడానికీ, మంచినీటిని మురుగు నుంచి వేరుచేయడానికీ సిద్ధంగా లేకపోవడమే ఆ లోపం.

1995 మేలో మున్సిపల్ కమిషనరుగా వచ్చిన వ్యక్తి మన తెలుగువాడే, సూర్యదేవర రామచంద్రరావు, ఐఏఎస్ వర్గాల్లో ఎస్.ఆర్.రావు. ‘ఏసీ నుంచి డీసీ’ అన్నది ఆయన నినాదం. ఏసీ గదుల నుంచి బయటికి వచ్చి రోజువారీ పనుల్లో దిగాలని అర్థం. అధికారులు రోజులో కొన్ని గంటలు వీధుల్లో ఉండాలన్నారు. నగరాన్ని ఆరు జోన్లుగా చేసి, ఖర్చు చేసే అధికారాన్ని జోన్ స్థాయికి దించారు. అక్రమ కట్టడాలను కూల్చేటప్పుడు గుడిసెలతో మొదలుపెట్టకుండా పెద్దవాళ్ల భవనాలతో మొదలుపెట్టారు. జనం ఆయన వైపు నిలబడటానికి అదే కారణమని నా అభిప్రాయం. రోజూ కుళాయి నీటిని పరీక్షించడం, విరేచనాల కేసు వచ్చిన వీధిలో గొట్టం ఎక్కడ పగిలిందో వెతకడం ఒక దినచర్య అయింది. ఏడాదిన్నర తిరగకముందే ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తరవాత దేశంలో రెండో పరిశుభ్ర నగరమంది. 1998లో రావుకు పద్మశ్రీ వచ్చింది.

ఈ కథను మన ఐఏఎస్ శిక్షణ తరగతుల్లో వీరగాథగా చెబుతారు. దానిలో నాకొక అసంతృప్తి ఉంది. ప్లేగుకు ముందు కొన్నేళ్లు ఎన్నికైన సభ లేకుండానే సాగిన రోజులు ఆ ఊరు చూసింది. అధికారి బాగుంటే ఊరు బాగుపడుతుందనే నమ్మకం, రాజకీయ నాయకుడి బాధ్యతను చల్లగా తప్పిస్తుంది. అయితే రావు వెళ్లిపోయాక కూడా ఆ పద్ధతులు నిలిచాయన్నది ఒప్పుకోవాలి. నిలిచినందుకు కారణం భయమో, అలవాటో, వజ్రాల వ్యాపారుల ఒత్తిడో, బహుశా మూడూను.

అదే 1995లో నీటి విషయంలో అంతకంటే శాశ్వతమైన పని ఒకటి పూర్తయింది. రాందేర్‌కు, సింగన్‌పోర్‌కు మధ్య తాపీకి అడ్డంగా ఒక వియర్, దాని మీద కాజ్‌వే. స్థానికులకు అది ‘కాజ్‌వే’ మాత్రమే, సాయంత్రం గాలికి వెళ్లే చోటు. దాని అసలు పని వేరు. దిగువనుంచి వచ్చే ఉప్పునీటిని ఆపి, ఎగువన మంచినీటిని నిలపడం. అయిదు శతాబ్దాల కిందట గోపీ తలావ్ చేసిన పనిని ఈసారి నదిలోనే చేశారన్నమాట. నగరపు నీటి కేంద్రాలైన వరాఛా, సర్థాణా, కతార్‌గాం, రాందేర్‌లకు, నదిగర్భంలోని ఫ్రెంచి బావులకు ఆ నిల్వే ఆధారం. ఉకాయ్ ఇంజినీరు దయ కోసం రోజూ ఎదురుచూడకుండా, ఊరికి తనదంటూ కొన్నిరోజుల నీటి పొదుపు దొరికింది. గేట్ల తాళంలో ఒక చిన్న ముక్క ఊరి చేతికి వచ్చిందనవచ్చు. దానికీ మూల్యం ఉంది. నిలిచిన నీటిలో గుర్రపు డెక్క అల్లుకుంటుంది, ఒండ్రు పేరుకుంటుంది, ఎగువ ఊళ్ల మురుగు చేరుతుంది. నీరు కుళ్లితే మళ్లీ ఉకాయ్‌నే అడగాలి, కొంచెం వదలండి, కడిగేస్తాం అని.

తాళం సంగతి 2006 ఆగస్టులో ఇంకో వైపు నుంచి తేలింది. తాపీ పరీవాహక ప్రాంతంలో దాదాపు ఎనభై శాతం మహారాష్ట్రలో ఉంది. అక్కడ కుంభవృష్టి కురిసింది. అప్పటికే చాలావరకు నిండిన ఉకాయ్‌లోకి వచ్చిన నీటిని ఆపే చోటు లేకపోయింది. ఆగస్టు 7 నుంచి 9 వరకు గేట్లెత్తి 9 లక్షల క్యూసెక్కుల దాకా వదిలారు. నగరంలో అత్యధిక భాగం మునిగింది. వందమందికి పైగా మరణించారు. చుట్టూ నీరే, తాగడానికి మాత్రం లేదు. నీటి కేంద్రాలే నీట మునిగాయి. నిజానికి 1968లో, ఉకాయ్ లేనప్పుడు, ఇంతకంటే పెద్ద వరద, దాదాపు 15 లక్షల క్యూసెక్కులు, వచ్చి వెళ్లింది. ఆనకట్ట ఉన్నందున వరద చిన్నదైంది, కానీ ఆనకట్ట ఉందన్న ధీమాతో నది ఒడ్డున ఇళ్లు పెరిగి, పారే దారి ఇరుకైంది.

ఆ తరవాతి చర్చ ఇంజినీర్లది అనిపిస్తుంది, నిజానికి శుద్ధ రాజకీయం. జలాశయాన్ని వర్షాకాలం మధ్యలోనే నింపి ఉంచాలని రైతు, విద్యుత్ శాఖ కోరుతాయి. వాన రాకపోతే నింపలేకపోయిన అధికారిని తిట్టేవాళ్లున్నారు. కొంత ఖాళీ ఉంచాలని దిగువ నగరం కోరుతుంది. వరద వచ్చాకే దానికి గొంతు వస్తుంది. ఏ నెలలో ఎంత మట్టం ఉండాలన్న పట్టికను రూల్ లెవెల్ అంటారు. శాసనసభలో చర్చకు రాని, ఏ మేనిఫెస్టోలోనూ కనిపించని ఆ పట్టిక, లక్షల మంది ఇళ్ల గడపల ఎత్తును నిర్ణయిస్తుంది. వరద తరవాత సూరత్‌లో కార్పొరేషనూ, వర్తక సంఘమూ, జలవనరుల అధికారులూ, సాంకేతిక సంస్థలూ కలిసి సూరత్ క్లైమేట్ చేంజ్ ట్రస్టు పెట్టుకున్నారు. ఎగువన వాన పడగానే దిగువన ఎన్ని గంటలకు ఎంత నీరు వస్తుందో ముందే లెక్కించే హెచ్చరిక వ్యవస్థ తయారైంది. తాళం చేతికి రాకపోయినా, తాళం తిప్పుతున్న చప్పుడైనా ముందుగా వినిపించాలన్న ప్రయత్నమది.

హైదరాబాద్ పాఠకులకు దీనికొక పోలిక దగ్గరలోనే ఉంది. 1908 సెప్టెంబరు మూసీ వరద తరవాత నిజాం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరద నియంత్రణనూ తాగునీటినీ ఒకే ఆలోచనలో కలిపాడు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ ఆ రెండు పనులకూ కట్టినవే. వాటికి సేద్యం, విద్యుత్తు అనే పోటీదారులు లేరు. ఉకాయ్ అలా పుట్టలేదు. దాన్ని రూపొందించినప్పుడు సూరత్ చిన్న ఊరు, దాని దాహం ప్రణాళికా పత్రంలో ఒక అడుగుగమనిక.

మరి పొదుపు సంగతి? నీటిని పొదుపు చేయండని ఏ కార్పొరేషను గోడమీద రాసినా చదివేవాడు ఉండడు. సూరత్‌లో పొదుపు రెండో దారిన వచ్చింది. పాండేసరా పారిశ్రామికవాడలో అద్దకం మిల్లులకు నీరే ముడిసరుకు. అవి బోర్లు వేసీ, కార్పొరేషన్ మంచినీటిని కొనీ చీరలకు రంగులద్దేవి. 2014లో బమ్రోలీలో రోజుకు 4 కోట్ల లీటర్ల సామర్థ్యంతో ఒక కేంద్రం ప్రారంభమైంది. అప్పటికే ఒకసారి శుద్ధి చేసిన మురుగునీటిని అల్ట్రా ఫిల్ట్రేషన్, రివర్స్ ఆస్మాసిస్ గుండా పంపి మిల్లులకు అమ్ముతుంది. ఆ మేరకు నది నీరు తాగడానికి మిగులుతుంది. తరవాత ఈ ఏర్పాటు సచిన్ పారిశ్రామికవాడకూ విస్తరించింది. ఏటా వందకోట్లకు పైగా ఆదాయమని కార్పొరేషన్ చెబుతోంది. గుజరాత్ ప్రభుత్వం 2018లో శుద్ధి చేసిన మురుగునీటి పునర్వినియోగ విధానం ప్రకటించింది. ఊరు ముందు నడిచింది, రాష్ట్రం వెనక వచ్చింది. అరుదుగా జరిగే సంగతి.

కార్పొరేషన్‌కు ఈ తెగువ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పకపోతే కథ సగమే. 2007లో గుజరాత్ ఆక్ట్రాయిని రద్దు చేసింది. పారిశ్రామిక నగరమైన సూరత్‌కు అది అతిపెద్ద సొంత రాబడి. దాని స్థానంలో రాష్ట్రం ఇచ్చే గ్రాంటు వచ్చింది. ఆ పన్ను పేదల మీద పడేదని పైన నేనే రాశాను. దాని పోక మీద కన్నీరు కార్చను. కానీ సొంత ఆదాయం పోయిన నగరం గాంధీనగర్ వైపు చెయ్యి చాపుతుంది. మురుగునీటిని అమ్ముకోవడం ఆ చెయ్యిని కొంతైనా వెనక్కి తీసుకొనే మార్గం. పర్యావరణం కోసం చేశారనడం సభావేదికల మీద బాగుంటుంది. ఖజానా అవసరం కోసం చేశారనడం నిజానికి దగ్గర, అందులో తప్పు కూడా లేదు. పందొమ్మిదో శతాబ్దపు షావుకారు ‘నా బావి నాకుంది, మీ కుళాయికి నేనెందుకు కట్టాలి’ అన్నాడు. వారి వారసుల మిల్లులు ఇప్పుడు ఊరి మురుగును డబ్బిచ్చి కొంటున్నాయి.

గోపీ తలావ్ ఏమైంది? గొట్టాలు వచ్చాక దాన్ని పట్టించుకొనేవారు లేక పూడిపోయింది. చెత్తకుప్పగా, ఆక్రమణల నేలగా శతాబ్దం పైగా పడి ఉంది. కార్పొరేషన్ దాన్ని మళ్లీ తవ్వించి, మెట్లు కట్టించి 2015లో తెరిచింది. టికెట్ కొని పడవ ఎక్కవచ్చు. అందులో నీటిని ఎవరూ తాగరు. దూరపు నీరు గొట్టంలో వచ్చిన మరునాడే దగ్గరి చెరువు అనాథ అవుతుందనడానికి సూరత్ దాకా వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్‌కు కృష్ణ, గోదావరి నీళ్లు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో, జంట జలాశయాల పరీవాహకాన్ని 1996 నుంచి కాపాడుతున్న 111 జీవోను ఎత్తేస్తూ ప్రభుత్వం 69 జీవో ఇచ్చింది. ఆ నీళ్లు ఇక నగరానికి అవసరం లేదన్నదే అప్పుడు చెప్పిన వాదన. సూరత్ షావుకార్లు తమ చెరువు గురించి ఏం అనుకున్నారో రికార్డుల్లో దొరకదు గానీ, ఇంచుమించు ఇదే అయి ఉంటుంది.

ఇప్పుడు సూరత్ చూపు రెండు దిక్కులా ఉంది. దిగువన రుంఢ్ దగ్గర ఇంకో బ్యారేజీ కట్టి, నగరం మధ్యలో నదిని మరింత పొడవున మంచినీటి చెరువుగా మార్చాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నలిగి పనుల దాకా వచ్చింది. ఎగువన మరో కథ నడిచింది. పశ్చిమ కనుమల నదుల నీటిని తాపీ, నర్మదలకు మళ్లించే పార్-తాపీ-నర్మదా అనుసంధానాన్ని 2022 కేంద్ర బడ్జెట్ ప్రస్తావించగానే డాంగ్, వల్సాడ్, తాపీ జిల్లాల ఆదివాసీలు వీధుల్లోకి వచ్చారు. ఉకాయ్ కింద ఇళ్లు పోగొట్టుకున్నవారి మనవలూ ఆ ఊరేగింపుల్లో ఉన్నారు. శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, మేలో, ముఖ్యమంత్రి భూపేంద్ర పటేల్ ఆ పథకాన్ని విరమిస్తున్నట్లు ప్రకటించారు.